సూరిగాడికి, హేవ్‌లాక్ నీల్ సంగతులు

విశాఖపట్నం,
ఆదివారం

ఒరేయ్ సూరీ,

అమ్మని తీసుకుని అండమాన్ వెళ్తున్నావని తెలిసి తెగ సంతోషమేసిందిరా. ఉన్న నాలుగు రోజులకి అక్కడి దీవుల్లో హేవ్‌లాక్ మేలా, నీల్ మేలా అని అడిగావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా.

ముందు పేర్ల సంగతి. 2018 డిసెంబరులో హేవ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ని షహీద్ ద్వీప్ అనీ మార్చారు. టికెట్ మీద కొత్త పేరుంటుంది, జనం నోట్లో పాతదే. 2024లో పోర్ట్ బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయింది. కంగారుపడి తప్పు ఫెర్రీ ఎక్కకు.

డైవింగ్‌కి, అంటే గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం లోపలికి దిగడానికి హేవ్‌లాక్, విశ్రాంతికి నీల్ అని అందరూ చెబుతారు. నేనూ అదే నమ్మి వెళ్లా. నీకు మాత్రం తిరగేసి చెబుతున్నా.

డైవింగ్‌లో హేవ్‌లాక్‌కి అంత పేరు ఊరికే రాలేదు. డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ అని నడిసముద్రంలో రాతి దిబ్బలున్నాయి, వాటి చుట్టూ చేపలు గుంపులు గుంపులు. కానీ అవి లోతుగా దిగడం నేర్చినవాళ్లకిరా. సర్టిఫికెట్ లేకుండా మొదటిసారి దిగేవాణ్ణి 12 మీటర్లు దాటనివ్వరు. నీ వెనకే ఇన్‌స్ట్రక్టర్ సిలిండర్ పట్టుకుని నిన్ను చంటిపిల్లాణ్ణి తిప్పినట్టు తిప్పుతాడు, ఈత రాకపోయినా ఫర్వాలేదు. అలాంటప్పుడు హేవ్‌లాక్ గొప్పంతా నీకెందుకు?

నేను రెండు చోట్లా దిగా. హేవ్‌లాక్‌లో ఒడ్డు నుంచి నడుచుకుంటూ దింపారు. ముందు నలుగురు, వెనక నలుగురు, పెళ్లిలో రెండో బంతికి నిలబడ్డట్టే. తొందరలో ఎడమ చెవి దిబ్బడేసింది. పది మీటర్లు దిగేసరికి ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపవుతుంది కదా, నొప్పి మాత్రం మొదటి రెండు మూడు మీటర్లలోనే మొదలైపోతుంది. ముక్కు మూసుకుని మెల్లగా చెవుల్లోకి గాలి తన్నాలి, నొప్పి రాకముందే. నొప్పెడితే పంతానికి పోకుండా కాస్త పైకొచ్చెయ్. జలుబుంటే అసలు దిగొద్దు. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టకు, అన్నిటికంటే పెద్ద నియమం అదే.

నీల్‌లో భరత్‌పూర్ దగ్గర ఆ రోజు జనం తక్కువ, నీళ్లు నిలకడగా ఉన్నాయి. ఇన్‌స్ట్రక్టర్ అరగంట ఓపిగ్గా నేర్పాడు. లోపల ఒక చిలకచేప పగడాన్ని కొరుకుతుంటే ఆ పరపరలు వినపడ్డాయిరా! ఆనందం పట్టలేక బొటనవేలు పైకెత్తా. అక్కడ ఆ సైగకి అర్థం ‘పైకి పోదాం’ అని. పాపం ఆయన నన్ను లాక్కుని పైకొచ్చేశాడు. బావుందని చెప్పాలంటే వేళ్లు సున్నాలా చుట్టి చూపించు.

పగడాలన్నీ ఫొటోల్లో ఉన్నట్టు రంగురంగులుగా ఉంటాయనుకోకు. 2010లో సముద్రం వేడెక్కి చాలా దిబ్బలు పాలిపోయాయి. కొన్ని కోలుకున్నాయి, కొన్నిచోట్ల ఎముకల గుట్టల్లాగే ఉంది. చూస్తే మనసు చివుక్కుమంటుంది. పగడం ముక్కలు బ్యాగులో వేసుకురాకు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు.

ఇక అమ్మ సంగతి. ఇక్కడే హేవ్‌లాక్ కావాలి. రాధానగర్ బీచ్‌లో ఇసుక పిండిలా మెత్తగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నా హాయిగా నడవొచ్చు. 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన బీచ్ అది, శుభ్రంగా ఉంటుంది. హోటళ్లలో ఎంచుకోవడానికి ఉంటుంది. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ హేవ్‌లాక్‌కీ వచ్చింది కాబట్టి నెట్ కూడా కొంత నయం. నీల్‌లో మేం దిగిన చోట రాత్రి రెండుసార్లు కరెంటు పోయింది, జనరేటర్ వేయమంటే ‘పొద్దున చూద్దాం’ అన్నాడు! నగదు కాస్త ఎక్కువే పెట్టుకెళ్లు.

నీల్‌లో లక్ష్మణ్‌పూర్ రాతివంతెన చూడాలంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు నాచుపట్టిన రాళ్ల మీద నడవాలి. అమ్మని తీసుకెళ్లకు. కానీ ఊరు నచ్చుతుందామెకి. భరత్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్, అన్నీ రామాయణం పేర్లే. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవి, కూరగాయలు బాగా పండిస్తారు. దారి పక్క పాకలో తిన్న వంకాయ కూర ముందు రిసార్టు బఫే దండగ.

అందుకని, దిగిన రోజే ఫెర్రీ దొరికితే నేరుగా నీల్ వెళ్లు. మర్నాడు పొద్దున్నే డైవింగ్ చేసి, మధ్యాహ్నం హేవ్‌లాక్ చేరు. దాదాపు గంట ప్రయాణం. మిగతా రోజులు అమ్మతో అక్కడే. డైవింగ్ చివరికి పెట్టుకోకు, నీళ్లలోంచి వచ్చాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. చలికాలంలో అయిదింటికే పొద్దుగుంకుతుంది, మన లెక్కన సాయంత్రం ఆరింటికి బీచ్‌కి బయల్దేరితే చీకటే మిగులుతుంది.

బీపీ మాత్రలు వేసుకుంటున్నావుగా, ఆ సంగతి డైవింగ్‌కి ముందు నింపే ఫారంలో దాచకు. ముందే డాక్టర్ని అడిగి కాగితం రాయించుకో. పోర్ట్ బ్లెయిర్‌లో భాష బెంగ అక్కర్లేదు, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ మనవాళ్లు బోలెడు మంది.

అన్నట్టు, మీసం ఉంటే మాస్క్ సరిగ్గా అతుక్కోదు, నీళ్లు కారుతూనే ఉంటాయి. నీ మీసం మీద నీకున్న ప్రేమ నాకు తెలుసు. కనీసం ముక్కు కింద కాస్త కత్తిరించు, లేదా వాజలైన్ దట్టంగా పూసుకో.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
రమణ