ఎడమ రెక్కలో నీళ్లు ఉండిపోయిన రోజు సాయపడ్డవాళ్లందరికీ కృతజ్ఞతలు

ఆదివారం ఆస్ట్రేలియాలోని నరోమైన్‌లో గ్లైడర్ (ఇంజిన్ లేకుండా ఎగిరే విమానం) నడుపుతుండగా చిక్కులో పడ్డ నన్ను క్షేమంగా నేలకు దింపినవాళ్లందరికీ మనసారా కృతజ్ఞతలు. ఫోన్లు చేసిన బంధుమిత్రులకు విడివిడిగా జవాబివ్వలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి కృతజ్ఞత నా పక్కన ఎగురుతున్న మిత్రురాలికి. గ్లైడర్ వేగంగా వెళ్లడానికి బరువు కోసం రెక్కల ట్యాంకుల్లో నింపుకునే నీళ్లు దిగేముందు వదులుతుంటే, తెల్లటి ధార కుడివైపు మాత్రమే వస్తోందని రేడియోలో చెప్పింది ఆవిడే. ఎడమ వాల్వు తెరుచుకోలేదు. వెంటనే రెండూ మూసెయ్యమని, తేడా ఇంక పెరగనివ్వొద్దని కింద నుంచి మా ఇన్‌స్ట్రక్టర్ గారు చెప్పారు. వేగం తగ్గనివ్వొద్దని, మలుపులు పెద్దవిగా తీసుకోమని, కళ్లముందు అద్దం మీది ఊలుదారం (గ్లైడర్ పక్కకి జారుతోందో లేదో చూపేది) నిటారుగా ఉండేలా చూసుకోమని ఆయన పదేపదే చెబుతుంటే చేతుల వణుకు తగ్గింది.

ఎందుకలా చెప్పారో ఆ రాత్రి బెంగళూరు నుంచి విమాన ఇంజినీరైన మా బావ తెలుగులో విడమరిచి చెప్పాడు. లీటరు నీళ్లంటే కిలో బరువు. బరువు రెక్క వాలకుండా గ్లైడర్‌ని నడిపే కర్రను రెండో వైపుకి పట్టుకుంటాం కదా, అప్పుడు ఆ బరువు రెక్క మీది ఐలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) కిందికి దిగుతుంది. అక్కడ గాలి తగిలే కోణం పెరుగుతుంది. వేగం తగ్గితే ముందు స్టాల్ అయ్యేది, అంటే పైకెత్తే బలం కోల్పోయేది ఆ రెక్కే. పడుతోంది కదాని కర్రను ఇంకా లాగితే స్పిన్‌లోకి (గిరగిరా తిరుగుతూ కిందికి పడిపోవడంలోకి) మనమే తోసినట్టు. అందులో పడితే ఐలరాన్లు మధ్యకు తెచ్చి, తిరుగుతున్న దిక్కుకి ఎదురుగా రడ్డర్ (తోక మీది నిలువు పలకను కదిపే పెడల్) పూర్తిగా తొక్కి, కర్రను ముందుకి వదలాలి. రెక్కల్లో బరువుంటే తిరగడం ఆగడానికి ఎక్కువ సమయం పట్టొచ్చు, ఎత్తూ ఎక్కువ పోతుంది. నీళ్లు ఖాళీ కావడానికి నిమిషాలు పడుతుంది కాబట్టి స్పిన్‌లో ఉండగా వాటిని వదలడం మీద ఆశపెట్టుకోకూడదు. అసలు నీళ్లతో కావాలని స్పిన్ చేయొద్దని చాలా గ్లైడర్ల మాన్యువళ్లలోనే ఉంటుంది. థాంక్యూ బావా, అర్ధరాత్రి దాటినా విసుక్కోలేదు నువ్వు.

మామూలుకన్నా ఎక్కువ వేగంతో దిగాను. వేగం చచ్చేకొద్దీ ఎడమ రెక్క నేలకి ఆనుతుందని తెలిసి, రన్‌వే మొత్తం నాకోసం ఖాళీ చేయించిన క్లబ్బు మిత్రులకు, ఎండలో పరుగెత్తుకొచ్చినవాళ్లకు, మర్నాడు ట్యాంకు విప్పి వాల్వు బాగుచేసిన పెద్దాయనకు చేతులెత్తి నమస్కారం. ఇక నుంచి టేకాఫ్‌కి ముందు రెండు వాల్వులూ నేలమీదే తెరిచి, రెండువైపులా ధార సమంగా వస్తోందో లేదో చూపిస్తామని వాళ్లే ముందుకొచ్చారు. అందుకు ఇంకోసారి థాంక్స్.