గంగాళం గుర్తుందా?

ఒరేయ్ సత్తిగా,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టెయ్. సంక్రాంతికి రాస్తానన్నాను, ఆవకాయ కూడా కలిపేశాం. నాన్న బీపీ అదుపులోనే ఉంది, పాప పది పాసైంది, నాకు బదిలీ రాలేదు. అమ్మగారి మోకాలెలా ఉంది? వార్తలైపోయాయి. ఇక అసలు సంగతి విను, రాత్రి నుంచి కడుపుబ్బి చస్తున్నాను.

నిద్రపట్టక ఫోను తోముతూ పడుకుంటే పాత వీడియో ఒకటి దొరికింది. తిమింగలాన్ని పేల్చారురా! డైనమైట్ పెట్టి! 1970 నవంబరు 12న, అమెరికాలో ఒరెగాన్ తీరాన, ఫ్లోరెన్స్ అనే ఊరి దగ్గర. 45 అడుగులది, 8 టన్నుల బరువు, చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. కంపు. ఉప్పాడలో ఎండుచేపలు చూసి ముక్కు మూసుకుని పరిగెత్తావే, దానికి ఎన్ని రెట్లో నువ్వే లెక్కేసుకో.

తీసే పని ఎవరి మీద పడిందనుకున్నావు? హైవే వాళ్ల మీద! అక్కడ సముద్రపు ఒడ్డుని కూడా 1913లోనే చట్టం చేసి రహదారి కింద లెక్కేశారట, అందుకని అప్పట్లో ఒడ్డు బాగోగులూ వాళ్లవే. మన ఆర్ అండ్ బీ వాళ్లకి చచ్చిన ఏనుగుని అప్పజెప్పినట్టు. పై ఆఫీసరేమో వేటకి వెళ్లాడట, కింద ఇంజనీరు దొరికిపోయాడు. (ఆఫీసర్లకి పని పడే రోజు ముందే ఎలా తెలుస్తుందిరా?) పూడిస్తే అలలకి మళ్లీ బయటపడుతుందని భయం. అందుకని పేల్చేస్తే చాలావరకు సముద్రంలోకి పోతుంది, మిగిలిన ముక్కలు పక్షులూ పీతలూ తినేస్తాయనుకున్నారు. ఎంత పెట్టారో తెలుసా? అర టన్ను. ఇరవై పెట్టెలు.

అక్కడికొచ్చిన ఒకాయన మిలటరీలో ఈ పేలుడు పనే నేర్చుకున్నవాడు. ఇరవై కడ్డీలు చాలు, ఇరవై పెట్టెలెందుకయ్యా అన్నాడట. ఎవడు వింటాడు? నువ్వు చెబితే నేను విన్నానా? సరే, గంగాళం ఊసెత్తను. మీ నాన్నమ్మ ఇప్పటికీ అది పిల్లి పనే అనుకుంటోందా?

జనాన్ని పావు మైలు వెనక్కి పంపి పేల్చారు. ఇసకా, నెత్తుటి ముద్దలూ తాటిచెట్టంత లేచాయి. చూస్తున్నవాళ్లు ముందు సంబరంగా అరిచారు. ఆ తర్వాత వినాలి. దబ్. దబ్. దబ్. ముక్కలు వీళ్ల చుట్టూనే పడుతున్నాయిరా! ఇంక పరుగే పరుగు. అదృష్టం, మనుషులకేమీ కాలేదు. పావు మైలు అవతల ఆగున్న కారు మీద మాత్రం మంచమంత కొవ్వుముక్క పడి టాపు లోపలికి అణిగిపోయింది.

కారు ఎవరిదో చెప్పుకో. ఇరవై కడ్డీలు చాలన్నాడే, ఆయనదే! కొత్త కారు. పైగా కొన్నచోట ప్రకటన ‘తిమింగలమంత బేరం’ అనట. నేను పడీపడీ నవ్వుతుంటే మా ఆవిడ లేచి, ‘గుండె నొప్పా?’ అంది.

తిమింగలం చాలావరకు అక్కడే ఉండిపోయింది. తినాల్సిన పక్షులు చప్పుడుకి జడిసి పరారు. ఇంజనీరుగారేమో అంతా సరిగ్గానే జరిగిందన్నాడు, కాకపోతే తిమింగలం కింద ఇసకలో గుంత పడిందట! మన హాస్టల్ వార్డెను గొంతుతో చదువుకో ఆ ముక్క.

ఇరవై ఏళ్ల తర్వాత ఈ కథ తేదీ లేకుండా కంప్యూటర్లలో తిరిగి, మొన్నీమధ్యే జరిగిందనుకుని జనం హైవే ఆఫీసుకి ఫోన్లు చేశారట. మన వాట్సాప్ బాబాయిలు అప్పటికే పుట్టారన్నమాట. 1979లో అదే ఊరి దగ్గర 41 తిమింగలాలు ఒడ్డుకొస్తే మాత్రం బుద్ధిగా తగలబెట్టి పూడ్చేశారు.

నవ్వడం ఆపాక ఎందుకో చంద్రంగాడు గుర్తొచ్చాడు. వాడుంటే ఆ ‘దబ్ దబ్’ చేసి చూపించేవాడు. వాడి నెంబరు నా ఫోన్లో ఇంకా... వద్దులే.

అన్నట్టు 2020లో ఫ్లోరెన్సులో ఒక పార్కుకి పేలిన తిమింగలం పేరే పెట్టుకున్నారు, ఓటేసి మరీ! మనం కూడా మీ పెరట్లో గంగాళం పేరు మీద

ఉండు, గ్యాసు అబ్బాయొచ్చాడు, చిల్లర లేదు