ఫలితానికే డబ్బు ఇస్తామంటే, ముదిరిన రోగిని ఎవరు చేర్చుకుంటారు?

మహబూబ్‌నగర్ జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మత్తు మాన్పించే కేంద్రాలకు పడకల లెక్కన కాకుండా, కోలుకున్న రోగులను బట్టి డబ్బు చెల్లించాలనే వాదన ఉంది. ఆశయం మంచిదే. మనిషిని కొన్నాళ్లు ఉంచుకుని పంపేసి, తర్వాత ఏమయ్యాడో పట్టించుకోని కేంద్రానికి ప్రజల సొమ్ము ఎందుకివ్వాలి?

కానీ అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 1992లో ఇలాంటి పద్ధతి తెచ్చాక, వ్యసనం బాగా ముదిరినవారిని చేర్చుకోవడం తగ్గిందని పరిశోధకులు గుర్తించారు. 2012లో ఇంగ్లండ్ ఎనిమిది ప్రాంతాల్లో ప్రయోగించినా, చికిత్స పూర్తిచేసేవారు పెరగలేదు.

మన పాలమూరులో ముదిరినవారెవరో మీకు తెలియనిది కాదు. ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటుపడ్డ కూలీలు. 2015లో కల్తీ కల్లుపై ఎక్సైజ్ అధికారుల దాడులు జరిగి ఆ కల్లు దొరకనప్పుడు వణుకుతో, మూర్ఛలతో ఆసుపత్రులకు చేరింది వాళ్లే. ఈ మత్తును ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు. వైద్యుల పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. పైగా ముంబైకో పుణెకో వలస పోయిన మనిషి ఆరు నెలల తర్వాత ఎలా ఉన్నాడో ఎవరు చూస్తారు? కనబడలేదని వైఫల్యం కింద రాస్తే, అలాంటివాళ్లను కేంద్రాలు గుమ్మంలోనే ఆపేస్తాయి. నాకున్న భయమంతా ఇదే.

అందుకే చెల్లింపులో ఎక్కువ భాగం స్థిరమైన గ్రాంటుగానే ఉంచండి. తీవ్రత ఎక్కువున్న రోగికి ఎక్కువ ఇవ్వండి. మళ్లీ తాగడం ఈ జబ్బులో తరచూ జరిగేదే కనుక, తిరిగి వచ్చినవారిని చేర్చుకున్నా చెల్లించండి. ఫలితాన్ని కేంద్రమే రాసుకోకూడదు. ఆశా కార్యకర్తలకు అదనపు పారితోషికం ఇచ్చి (ఊరికే చేయించుకోవద్దు) ఇంటికి పంపి, కూలి డబ్బు ఇల్లు చేరుతోందా అని భార్యను, తల్లిని అడిగించండి.

ఇట్లు,
పాలమూరు పౌరుడు