ఎంజీబీ: క్రోమ్ బంపరా, రబ్బరు బంపరా? ముందు గడప చూడండి

సంపాదకులకు నమస్కారం.

పాత స్పోర్ట్స్ కార్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో బ్రిటిష్ కంపెనీ ఎంజీ చేసిన ఎంజీబీ కారు సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. 1974కు ముందొచ్చిన క్రోమ్ బంపరు కారు కొనండి, తర్వాతొచ్చిన రబ్బరు బంపరు కారు జోలికి పోకండి అని. ఈ మాట ఇంగ్లండులో దశాబ్దాలుగా వినబడుతున్నదే. అందులో సగం నిజమూ ఉంది. మిగతా సగం చెప్పకపోతే మాత్రం, లండన్‌లోనో డాలస్‌లోనో ఉండి మొదటి పాత కారు వెతుక్కుంటున్న మన కుర్రాళ్లు మెరిసే బంపరు చూసి తుప్పు మీద పుట్టీ పూసిన కారు కొనుక్కుంటారు.

ఇవాళ మన రోడ్ల మీద హెక్టర్ ముక్కున కనిపించే ఎనిమిది మూలల గుర్తు ఈ పాత ఎంజీదే. ఎంజీబీని 1962 నుంచి 1980 అక్టోబరు దాకా ఇంగ్లండులోని ఆబింగ్‌డన్‌లో 5 లక్షలకు పైగా తయారుచేశారు. టాపు తెరుచుకునేది రోడ్‌స్టర్, 1965లో వచ్చిన గట్టి పైకప్పుది జీటీ. ఇంజను 1,798 సీసీ. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి తిరిగిన 1,489 సీసీ పెట్రోలు ఇంజను దీనికి స్వయానా అన్న, రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి బీ-సిరీస్ కుటుంబమే. అంబాసిడర్ టాపెట్లు పట్టిన మెకానిక్‌కు ఈ బానెట్ కింద పరాయితనం ఉండదు.

1974 సెప్టెంబరులో జరిగింది ఇది. అమెరికా నిబంధనలకు సరిపోవడానికి ముందూ వెనకా పెద్ద నల్ల బంపర్లు తొడిగి, కారును దాదాపు ఒకటిన్నర అంగుళం పైకి లేపారు. అంతటితో ఆగకుండా రోడ్‌స్టర్ ముందున్న యాంటీ రోల్ బారును, అంటే మలుపులో కారు ఒరగకుండా పట్టే కడ్డీని తీసేశారు. ఎత్తు పెరిగి, బారు పోయేసరికి మలుపులో కారు పడవలా ఒరిగేది. రబ్బరు బంపరుకు వచ్చిన చెడ్డపేరంతా ఆ ఒకటిన్నర, రెండేళ్ల కార్లదే. 1976 మధ్య నుంచి వచ్చిన కార్లకు ముందు లావుపాటి బారు, వెనక కొత్తగా ఇంకో బారు పెట్టారు. స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు 2.9 చుట్లు తిరిగేది 3.5 చుట్లయింది, చేతికి తేలిక. రేడియేటర్ ముందుకు జరిగి ఎలక్ట్రిక్ ఫ్యాను వచ్చింది. కాబట్టి రబ్బరు బంపరు కార్లన్నిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. 1975, 76 మోడళ్లు వద్దంటే ఒప్పుకోవచ్చు. 1977 తర్వాతివి వద్దనడానికి కారణం కనబడదు, చూపుకు నచ్చకపోతే తప్ప.

క్రోమ్ కార్లలోనూ అన్నీ ఒకటి కావు. 1964 అక్టోబరు దాకా వచ్చిన ఇంజన్లలో క్రాంకును మోసే మెయిన్ బేరింగులు మూడే. ఆ తర్వాత ఐదయ్యాయి, ఇంజను గట్టిపడింది. 1967 చివర మార్క్ 2 వచ్చేదాకా మొదటి గేరుకు సింక్రో లేదు. అంటే కారు పూర్తిగా ఆగితేనే ఫస్ట్ పడుతుంది, లేదా డబుల్ క్లచ్ కొట్టాలి. అడుగుకో స్పీడ్ బ్రేకరు ఉండే ఊళ్లో దాని బాధ పదో నిమిషానికే తెలుస్తుంది. పైగా అప్పటిదాకా డైనమో, పాజిటివ్ ఎర్త్. బాడీకి బ్యాటరీ ప్లస్ కలిపి ఉంటుంది కనుక, సంగతి తెలియక మామూలు స్టీరియోనో ఫోను చార్జరునో బిగిస్తే కాలిపోతుంది. మార్క్ 2 నుంచి ఆల్టర్నేటరు, నెగటివ్ ఎర్త్, నాలుగు గేర్లకూ సింక్రో వచ్చాయి. నడుపుకోవడానికి క్రోమ్ కారే కావాలంటే 1968 నుంచి 1974 మధ్యదాకా వచ్చిన వాటిలో వెతకడం మేలు. తలుపుకు లాగే పిడి ఉన్న 1965 ముందటి కార్లు సేకరించేవాళ్ల సరుకు, రోజూ తిప్పేవాళ్లది కాదు.

ఏ ఏడాదిదైనా ఓవర్‌డ్రైవ్ (అదే వేగానికి ఇంజను తక్కువ చుట్లు తిరిగేలా చేసే అదనపు గేరు) ఉన్న కారుకు ఒక మార్కు ఎక్కువ వేయండి. నాలుగో గేరులో ఇంజను నిమిషానికి తిరిగే ప్రతి 1,000 చుట్లకు కారు గంటకు 29 కిలోమీటర్ల లెక్కన పోతుంది, ఓవర్‌డ్రైవ్‌లో 36. అంటే వంద వేగంలో ఇంజను 3,500 దగ్గర అరిచేది 2,800 దగ్గర నెమ్మదిస్తుంది. ఓవర్‌డ్రైవ్ పడకపోతే సాధారణంగా సోలనాయిడ్ (దాన్ని కలిపే కరెంటు మీట), వైరు, లేక నూనె తగ్గడం. గేర్‌బాక్సుకూ దానికీ ఒకటే నూనె, అది 20డబ్ల్యూ-50 ఇంజను ఆయిలే. మామూలు గేర్ ఆయిల్ పోస్తే ఓవర్‌డ్రైవ్ మొరాయిస్తుంది.

మీ వ్యాసం అసలు తాకని విషయం, కారు ఏ దేశంలో తిరగబోతోందన్నది. అమెరికాకు పంపిన కార్లకు 1975 మోడల్ నుంచి ఎస్‌యూ కంపెనీ జంట కార్బురేటర్లు తీసేసి ఒక్క స్ట్రోంబర్గ్ కార్బురేటరు పెట్టారు. శక్తి 62 హార్స్‌పవర్ చుట్టుపక్కలకు పడిపోయింది. నీళ్ల వేడితో పనిచేసే ఆటోమేటిక్ చోకు ఇరుక్కుపోతుంది, గాలి లోపలికీ పొగ బయటికీ వెళ్లే గొట్టాలను కలిపి పోతపోసిన మానిఫోల్డు పగులుతుంది. బ్రిటన్ కార్లకు మాత్రం రబ్బరు బంపరు వచ్చాక కూడా చివరిదాకా జంట ఎస్‌యూలే ఉన్నాయి. అమెరికాలో ఆ స్ట్రోంబర్గ్ పీకేసి ఎస్‌యూలు వేసుకుంటే బండి హాయిగా లాగుతుంది. కానీ కాలిఫోర్నియాలో ఆ పని కొంప ముంచుతుంది. అక్కడ 1975, అంతకుముందు మోడళ్లకు పొగ పరీక్ష లేదు. 1976 నుంచి ఉన్నవాటికి రెండేళ్లకోసారి ఉంది, అందులో పొగే కాదు, ఎయిర్ పంపు, క్యాటలిటిక్ కన్వర్టరు లాంటి పొగ తగ్గించే సామాను ఫ్యాక్టరీ నాటిది ఉందో లేదో కళ్లతో కూడా చూస్తారు. అందుకని బే ఏరియాలో ఉన్నవాళ్లకు 1974 క్రోమ్ కారు మంచి బేరం, కార్బురేటర్లు మార్చేసిన 1979 కారు తలనొప్పి. టెక్సాస్‌లో 24 ఏళ్లు దాటిన కారుకు ఆ బాదరబందీ లేదు గనుక అదే 1979 కారు డాలస్‌లో పనికొస్తుంది. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటినవాటికి రోడ్డు పన్నూ లేదు, పెద్ద మార్పులు చేయని కారుకు ఏటా జరిగే ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్షా తప్పనిసరి కాదు. ఎంజీబీలన్నీ ఆ గీత దాటేశాయి, కాబట్టి అక్కడ తొలి ఏళ్ల కార్లకు ఇదివరకున్న పన్ను లాభం ఇప్పుడు లేదు.

మన దగ్గర 2021 జులై నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, సొంత వాడకంలోనే ఉన్న కారును వింటేజ్‌గా నమోదు చేస్తారు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, మళ్లీ చేయించుకుంటే 5,000. రాష్ట్రం అక్షరాల పక్కన ‘వీఏ’ అని నంబరు వస్తుంది. ఆఫీసుకు తిప్పుకోవడానికి కాదు, ర్యాలీకీ ప్రదర్శనకూ పెట్రోలు పోయించుకోవడానికీ రిపేరుకీ తీయవచ్చు. 1974లో రిజిస్టరైన క్రోమ్ కారు 2024లో ఆ వయసుకు వచ్చింది. ఆఖరున వచ్చిన 1980 కారు 2030 దాకా ఆగాలి. ఇండియాకు తెచ్చే ఆలోచన ఉంటే బ్రిటన్ రైట్‌హ్యాండ్ కారు మీదే దృష్టి పెట్టండి. దిగుమతి సుంకం లెక్క కారు బేరం ఆడకముందే కస్టమ్స్ ఏజెంటుతో వేయించుకోండి.

ఆ నిబంధనలోనే ఇంకో మెలిక ఉంది. చాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు చేసిన బండి వింటేజ్ కాదు. రబ్బరు బంపరు కారు చవకగా కొని క్రోమ్ బంపర్లు వేయించుకుందాం అనుకునేవాళ్లకు ఇది చెప్పి తీరాలి. అది నట్లు విప్పి బిగించే పని కాదు. ముందు మడ్‌గార్డుల కొసలు, వెనక మడ్‌గార్డుల అడుగు, ముందూ వెనకా కింది రేకులు కోసి కొత్తవి వెల్డింగ్ చేయాలి. సైడ్ లైట్లు మారాలి. ఎత్తు దించాలంటే ముందు పొట్టి స్ప్రింగులు, వెనక కమాను కట్టకూ యాక్సిలుకూ మధ్య దిమ్మెలు. ఇంత చేశాక చేతిలో ఉండేది అటూ ఇటూ కాని కారు. ఎత్తు దించి, బార్లు సరిచూసి, నల్ల బంపరును అలాగే ఉంచుకుంటే సగం డబ్బుకే ఆ సుఖం దక్కుతుంది.

ఇక అసలు సంగతి. ఈ కారుకు విడిగా చాసిస్ లేదు, బాడీయే చాసిస్. రోడ్‌స్టర్‌కు పైకప్పూ లేదు గనుక ముందు చక్రాలనూ వెనక చక్రాలనూ కలిపి పట్టే బలంలో పెద్ద వాటా తలుపుల కింద గడపల్లా ఉండే రెండు సిల్లులదే. పైకి కనిపించేది బయటి రేకు ఒక్కటే. దాని వెనక నిలువుగా ఒక పలక, ఆ లోపల లోపలి గడప, అడుగున కోటగోడ పళ్లలా ఎగుడుదిగుడుగా ఉండే క్యాసిల్ రెయిలు. ముందు చక్రం విసిరే బురద మడ్‌గార్డు వెనక మూలలో పేరుకుని తడిని గడపలోకి దింపుతుంది. తుప్పు లోపల పుట్టి బయటకు వస్తుంది, కాబట్టి బయట పెయింటు ఉబ్బిందంటే లోపలి పలక ఎప్పుడో పోయినట్టే. అమ్మేవాళ్లు చేసే పనేమిటంటే, కుళ్లిన దాని మీదే కొత్త బయటి రేకు తొడిగి, పుట్టీ పట్టించి, రంగు కొట్టించడం. పైన పటారం, లోన లొటారం.

కనిపెట్టడానికి పెద్ద సామాను అక్కర్లేదు. ముందు మడ్‌గార్డు అడుగు గడపను కలిసే చోట ఫ్యాక్టరీ అతుకు గీత కనిపించాలి. నున్నగా పూడ్చి ఉంటే అనుమానించండి. పల్చటి గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని గడప పొడవునా జరపండి, పట్టు సడలిన చోట పుట్టీ ఉంది. (తొలి కార్ల బానెట్ అల్యూమినియంది, దానికి అయస్కాంతం అంటదు. అది లోపం కాదు.) తర్వాత కారును జాకీ పెట్టే చోటే ఎత్తి తలుపు వెనక అంచు సందు గమనించండి. పైభాగంలో సందు మారినా, తలుపు పట్టేసినా ఆ గడపలో ప్రాణం లేదు. జీటీకి పైకప్పు కాపు కాస్తుంది గనుక ఈ పరీక్షలో అది నెగ్గి కూడా మోసం చేయగలదు. దాన్ని కిందికి దూరి టార్చితో చూడాల్సిందే. సీట్ల వెనక మూత ఎత్తి బ్యాటరీ పెట్టెల అడుగు చూడండి. 1974 దాకా అక్కడ రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉండేవి, యాసిడ్ కారి రేకు తినేస్తుంది. వెనక కమాను కట్ట వేలాడే చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి.

టింకరింగ్ చేయించాల్సి వస్తే, గడప కోసేముందు తలుపు ఖాళీలో ఇనుప పైపు అడ్డంగా బిగించమనండి. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. రెండూ ఒకేసారి కోస్తే బాడీ నడుము వంగి, ఆ తర్వాత తలుపు ఎన్నటికీ సరిగ్గా పడదు. చేతిపని కూలీ కారు ధరను మించిపోయేది ఇక్కడే. ఇంజను విప్పి కట్టడం దీని ముందు చిన్న ఖర్చు.

నడిపి చూసేటప్పుడు, ఇంజను వేడెక్కాక రోడ్డు వేగంలో ఆయిల్ ప్రెషర్ 50 పీఎస్‌ఐకి తగ్గకూడదు, ఐడ్లింగ్‌లో 15, 20 ఉంటే చాలు. రివర్సు వేసి వదిలినప్పుడు వెనక యాక్సిలు టక్కుమంటే భయపడకండి, థ్రస్ట్ వాషర్లు అరిగి ఉంటాయి, అవి చవక. ముందు చక్రాన్ని ఎత్తి పైనా కిందా పట్టి ఊపితే ఆట ఉందంటే కింగ్‌పిన్ (స్టీరింగ్‌తో పాటు చక్రం తిరగడానికి ఆధారమైన కడ్డీ) పోయింది. ఒక్కో పక్క మూడు గ్రీజు నిపుళ్లు ఉంటాయి, 5,000 కిలోమీటర్లకోసారి గ్రీజు ఎక్కించనివాళ్లకు అదే శిక్ష. టాపెట్ సందు చల్లటి ఇంజనులో 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు 15. ఎగ్జాస్ట్ వాల్వుల సందు మాటిమాటికీ తగ్గిపోతుంటే, సీసం లేని పెట్రోలుకు వాల్వు సీటు అరిగి లోపలికి దిగుతోందని అర్థం, హెడ్డుకు గట్టి సీట్లు వేయించాలి. మన 20 శాతం ఇథనాల్ పెట్రోలుకైతే పాత రబ్బరు గొట్టాలన్నీ ముందే మార్చండి, అవి మెత్తబడి కారేది వేడి సైలెన్సరు దగ్గరే.

డబ్బు చేతులు మారకముందు చాసిస్ నంబరు చదవండి. ఇంగ్లండులో గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఇచ్చే హెరిటేజ్ సర్టిఫికెట్‌లో కారు తయారైన తేదీ, తొలి రంగు, ఏ దేశానికి పంపారో ఉంటాయి, దానితో నంబరు సరిపోవాలి. అమెరికా రోడ్‌స్టర్‌కైతే నంబరే చాలా చెబుతుంది. ‘జీహెచ్ఎన్5యూ’ తర్వాత వచ్చే అక్షరం మోడల్ సంవత్సరం. ఏ అంటే 1970, ఈ అంటే 1974, ఎఫ్ అంటే 1975, హెచ్ అంటే 1977. ఎఫ్ గానీ ఆ తర్వాతి ఏ అక్షరం గానీ ఉండి, కారు ముందు క్రోమ్ బంపరు మెరుస్తూ ఉంటే ఆ బండి బాడీని ఎవరో కోసి అతికారు. ఆ అతుకులు ఎవరు వేశారో, ఫోటోలూ బిల్లులూ ఉన్నాయో అడగండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్