పట్టికలో ఒక అడ్డగీత

సంపాదకుల వారికి నమస్కారం.

ఐదు దక్షిణాది రాష్ట్రాల్లో షోరూములున్న ఒక బట్టల వ్యాపార సంస్థలో పదమూడేళ్లుగా కార్మిక చట్టాల రికార్డులు చూస్తున్నాను. ఏ రాష్ట్రంలో ఎన్ని గంటలు పని చేయించవచ్చు, ఎన్ని సెలవులివ్వాలి, ఏ రిజిస్టర్లు పెట్టాలి అన్నది ఒకే పట్టికలో రాసి యాజమాన్యానికి ఇవ్వడం నా పని. కార్మిక చట్టాల మీద ఈమధ్య మీ పత్రికలో తరచూ వార్తలు వస్తున్నాయి. అందుకే నేను చేసిన ఒక తప్పు గురించి మీకు రాయాలనిపించింది.

2022లో తమిళనాడు బ్రాంచి నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. చీరల కౌంటర్లో పని. "సార్, మేం కూర్చోడానికి స్టూళ్లు వెయ్యాలని చట్టం వచ్చిందట కదా? మేనేజర్ గారిని అడిగితే హెడ్డాఫీసు పట్టికలో అలాంటిదేం లేదంటున్నారు" అంది. పట్టిక తీశాను. 'కూర్చునే వసతి' అన్న వరసలో కేరళ గడి నిండి ఉంది. ఆ రాష్ట్రం 2018లోనే తన చట్టాన్ని సవరించింది. పక్కన తమిళనాడు గడిలో ఒక అడ్డగీత. ఆ గీత పెట్టింది నేనే. నా బీరువాలో ఉన్న తమిళనాడు దుకాణాల చట్టం బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేకుండా చట్టం మాత్రమే ఉండే పుస్తకం) 2019లో కొన్నది. 1947 నాటి ఆ చట్టంలో కూర్చునే వసతి కల్పించాలనే 22-ఎ సెక్షన్ చేరింది 2021లో. నేను కొత్త గెజిట్ చూడనందుకు ఆ అమ్మాయి, ఆమెతోపాటు కౌంటర్లో ఉన్నవాళ్లంతా నెలల తరబడి పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే పని చేశారు. వారం తిరక్కుండా స్టూళ్లు వేయించాం. కానీ ఆ నెలలు వాళ్లకు తిరిగి రావు కదా.

ఆ గీతకు అర్థం "వెతికాను, అక్కడ అలాంటి నిబంధన లేదు" అనా, "ఇంకా చూడలేదు" అనా? చదివేవాళ్లకు రెండూ ఒకేలా కనబడతాయి. అప్పటి నుంచి నా పట్టికలో అడ్డగీత లేదు. నిబంధన లేకపోతే "లేదు" అని రాసి, ఏ తేదీ వరకు చూశానో పక్కనే వేస్తాను. చూడకపోతే "చూడలేదు" అనే రాస్తాను. ఈ చిన్న మార్పుతో పని కూడా తేలికైంది. ఆర్నెల్లకోసారి ఐదు చట్టాలూ మొదటి నుంచి తిరగేసే బదులు, ఆ తేదీ తర్వాత వచ్చిన సవరణలు, జీవోలు చూస్తే సరిపోతోంది.

ఇక మాటల తేడా. సెలవుల సంగతి ఒక రాష్ట్రంలో 'ప్రివిలేజ్ లీవ్' అని ఉంటే, ఇంకోచోట 'వార్షిక వేతన సెలవు' అని ఉంటుంది. ఒక్క మాటే పట్టుకుని వెతికితే సగం దొరకదు. దొరికాక కొలత వేరు. మా తెలంగాణ చట్టంలో 240 రోజులు పనిచేసినవారికి 15 రోజులు. తమిళనాడులో ఏడాది సర్వీసుకు 12. కర్ణాటకలో పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒకటి. 240 రోజులు పనిచేసిన మనిషికి కర్ణాటక లెక్కలో 12 వస్తాయి, 300 రోజులు చేస్తే 15. ఏ రాష్ట్రం ఎక్కువ ఇస్తోందన్నది ఆ మనిషి ఎన్నాళ్లు పనిచేశాడో తెలియకుండా చెప్పలేం. అందుకే ముందు ఒక ఉద్యోగిని మనసులో పెట్టుకుని, అతనికి ఏం వస్తుందని ఐదు చట్టాలనూ అడుగుతాను. సెక్షన్ పక్కన సెక్షన్ పెడితే తేలేది కాదిది. అసలు ఆ చట్టం ఆ దుకాణానికి వర్తిస్తుందా అన్నది అంతకంటే ముందు చూడాలి. మహారాష్ట్రవారి 2017 చట్టమే తీసుకోండి, వచ్చినప్పుడు అది ప్రధానంగా పదిమంది, అంతకుమించి పనివాళ్లున్న సంస్థలకే వర్తించేది.

మన రెండు రాష్ట్రాల మధ్య పోలిక ఇంకా మోసం చేస్తుంది. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం 2014 జూన్ 2 తర్వాత రెండుచోట్లా కొనసాగింది. సెక్షన్ నంబర్లు అవే కాబట్టి ఒకటి చదివితే రెండోదీ చదివినట్టే అనిపిస్తుంది. ఆ తర్వాత ఎవరి సవరణలు వారివి, ఎవరి జీవోలు వారివి. తెలంగాణలో 2025 జులైలో వచ్చిన జీవో, వాణిజ్య సంస్థల్లో వారానికి 48 గంటలు దాటకుండా రోజుకు 10 గంటల వరకు పని చేయించుకోవచ్చంది. దుకాణాలను మినహాయించింది. చట్టం మాత్రమే చదివినవారికి ఆ 10 గంటలు కనబడవు. వార్త హెడ్డింగు మాత్రమే చదివినవారికి ఆ మినహాయింపు కనబడదు. ఫోన్లో అడిగితే క్షణంలో సెక్షన్ నంబరుతో సహా జవాబిచ్చే ఏఐ యాప్‌లు ఇప్పుడున్నాయి. ఎక్కడ వెతకాలో తెలుసుకోడానికి నేనూ వాడతాను. గెజిట్ తెరిచి చూశాకే గడి నింపుతాను.

రెండు ప్రభుత్వాలకూ నా విన్నపం ఒక్కటే. ఇప్పటివరకు వచ్చిన సవరణలన్నీ కలిపిన చట్టం పాఠం, ఏ తేదీ నాటిదో పైన వేసి, తెలుగులో కూడా ఉంచండి. కౌంటర్లో నిలబడే మనిషి తన హక్కు తనే చదువుకోగలగాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. కొత్త చట్టం గురించి రాసినప్పుడు సభ ఆమోదించిందా, గెజిట్‌లో వచ్చిందా, అమలు తేదీ ప్రకటించారా అన్నది విడివిడిగా ఒక వాక్యంలో ఇవ్వండి. కేంద్రం తెచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లను పార్లమెంటు 2019, 2020లలో ఆమోదించింది, అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. మధ్యలో ఆ ఐదారేళ్లు "కొత్త చట్టం వచ్చేసిందిగా సార్" అంటూ వార్త కటింగులు పట్టుకుని నా దగ్గరికొచ్చిన పనివాళ్లు ఎందరో. ఇంకా రాలేదని చెబితే, యాజమాన్యం మనిషిని కాబట్టి అబద్ధమాడుతున్నానని అనుకునేవారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హైదరాబాద్