అంబాసిడర్ లేషాఫ్ట్ ఆర్డర్లు ఎందుకు లేటవుతున్నాయంటే

అందరికీ నమస్తే. గేర్‌బాక్స్ పనికి ఆర్డర్ ఇచ్చినవాళ్లు చాలామంది ఫోన్ చేస్తున్నారు, లేషాఫ్ట్ (గేర్‌బాక్స్‌లో లేగేర్ అనే పళ్ల చక్రాల దిమ్మని మోసే ఇరుసు) ఇంకా రాలేదా, ఇదివరకు తొందరగానే ఇచ్చేవారు కదా అని. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే అంతా ఇక్కడే రాస్తున్నా, కొంచెం పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు సంగతి. పాత షాఫ్ట్‌కి హార్డ్ క్రోమ్ (గట్టి క్రోమియం పూత) ఎక్కించి, గ్రైండింగ్ పట్టి మళ్లీ అదే వేసే పని ఇకమీదట మా దగ్గర ఉండదు. తక్కువ ఖర్చులో అయిపోతుంది, నిజమే. కానీ ఈ షాఫ్ట్‌కి అది పనికిరాదు. దీనిమీద వేరే రేస్ (బేరింగ్ రోలర్లు దొర్లే రింగు) అంటూ ఏమీ ఉండదు, నీడిల్స్, అంటే సూదుల్లాంటి సన్నటి రోలర్లు, నేరుగా షాఫ్ట్ మీదే దొర్లుతాయి, ఆ ఒత్తిడికి క్రోమ్ పొర పగిలి రేకులు రేకులుగా లేస్తుంది, ఆ రేకులు ఆయిల్‌లో కలిసి మిగతా బేరింగులన్నీ పాడు చేస్తాయి.

మొన్న ఒక మార్క్ 4 గేర్‌బాక్స్ దించాం. షాఫ్ట్ గుడ్డతో తుడిచి చూస్తే ఒకవైపు అద్దంలా ఉంది, తిప్పితే రెండోవైపు చిన్న చిన్న గుంటలు, గోరు పెడితే తగులుతున్నాయి. ఈ షాఫ్ట్ తిరగదు, కేసింగ్‌లో బిగించి ఉంటుంది, దాని చుట్టూ లేగేర్ తిరుగుతుంది. గేర్లు ఒకదాన్నొకటి తోసుకునే బలం ఎప్పుడూ ఒకేవైపు పడుతుంది కాబట్టి అరుగుదల కూడా ఆ వైపే. ఫస్టు, సెకండు, థర్డులో గోల పెట్టి ఫోర్తులో సైలెంట్ అయిపోతే అనుమానం ముందు దీనిమీదే పెట్టుకోండి, ఎందుకంటే ఫోర్తులో పవర్ లేగేర్ మీదుగా పోదు, నేరుగా మెయిన్ షాఫ్ట్‌కి పోతుంది.

ఇప్పుడు మేం చేసేది ఈఎన్ 36 రకం స్టీల్‌తో కొత్త షాఫ్ట్. లేత్ మీద కొంచెం లావుగానే తీసి, బాలానగర్‌లో కేస్ హార్డెనింగ్ (ఫర్నేస్‌లో పెట్టి పైపొర గట్టిపరచడం) చేయించి, పైన 58 నుంచి 62 రాక్‌వెల్ గట్టిదనం వచ్చిందో లేదో చూసుకుని, ఆ తర్వాతే గ్రైండింగ్‌లో సైజుకి తెస్తున్నాం. పైన గట్టిగా ఉండాలి, లోపల మాత్రం దెబ్బకి ఓర్చుకోవాలి. చిన్న ఆర్డర్‌కి ఫర్నేస్ వెలిగించరు, బ్యాచ్ నిండేదాకా ఆగాల్సిందే, లేటంతా అక్కడే. రేటు కూడా పెరుగుతుంది, అది దాచి లాభం లేదు. ఇంకోటి, నీడిల్స్‌కి బయటివైపు లేగేర్ లోపలి బోరే ఆధారం, అది కూడా గుంటలు పడి ఉంటే ఒక్క షాఫ్ట్ మార్చి గ్యారంటీ ఇవ్వలేను, విప్పి చూశాక ఫోటో పంపి చెప్తాను, పని చేయించాలా వద్దా మీ ఇష్టం.

ఆయిల్ గురించి మాత్రం దయచేసి వినండి. సౌండ్ తగ్గుద్దని బాగా చిక్కగా ఉండే 140 గ్రేడ్ ఆయిల్ పోసేస్తున్నారు. సౌండ్ తగ్గుతుంది, షాఫ్ట్ మాత్రం ఇంకా తొందరగా పోతుంది. ఈ గేర్‌బాక్స్‌లో పంపు లేదు, లేగేర్ అడుగున ఆయిల్‌లో మునిగి తిరుగుతూ పైకి చిమ్మితేనే అన్నిటికీ అందేది. అంత చిక్కటి ఆయిల్ ఆ సన్నటి నీడిల్స్ మధ్యకి, అదీ చల్లగా ఉన్నప్పుడు, ఎలా దూరుద్ది చెప్పండి? మాన్యువల్లో ఏ గ్రేడ్ ఉంటే అదే పోయండి, గేర్ ఆయిల్ అని ఉంటే డబ్బా మీద జీఎల్-4 అని రాసి ఉన్న రకం అడిగి తీసుకోండి. జీఎల్-5 రకాలు చాలావాటిలో ఉండే సల్ఫర్ ఇత్తడి, కంచు సింక్రో రింగుల్ని (గేర్ మార్చేటప్పుడు వేగాలు కలిపే రింగులు) తినేస్తుంది. లెవెల్ ఫిల్లర్ హోల్ అంచు దాకా ఉండాలి, బండి సమానమైన నేలమీద పెట్టి చూడండి. మా దగ్గర ఓవరాలింగ్ అయిన ప్రతి బాక్స్‌కీ డ్రెయిన్ ప్లగ్‌కి మాగ్నెట్ పెట్టి ఇస్తున్నాం, మొదటి 500 కిలోమీటర్లకి ఆయిల్ మార్చడానికి తీసుకురండి, ప్లగ్‌కి ఏం అంటుకుందో మీ కళ్లతో చూద్దురుగాని.

బండి ఆగిపోతే న్యూట్రల్‌లో తాడు కట్టి దూరం లాక్కెళ్లొద్దు. ఇంజిన్ ఆగితే లేగేర్ తిరగదు, ఆయిల్ చిమ్మదు, మెయిన్ షాఫ్ట్ మాత్రం చక్రాలతోపాటు పొడిగా తిరుగుతూనే ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకి పోయే పొడుగు రాడ్డు) విప్పండి, లేకపోతే వెనక చక్రాలు లేపి తీసుకెళ్లండి.

ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకి పాత రేటే, మాటంటే మాటే. ఆగలేం అనుకుంటే అడ్వాన్స్ వాపస్ తీసుకోవచ్చు, నేనేమీ అనుకోను. కొత్తగా పంపేవాళ్లు అరిగిపోయిన షాఫ్ట్‌ని పారెయ్యకుండా గేర్‌బాక్స్‌తోపాటే పంపండి, కేసింగ్‌లో కూర్చునే రెండు చివరలూ అరగవు, కొలతలు అక్కడినుంచే తీసుకుంటాం.