చక్రవర్తి చదివిన చిన్న చేపలు

సంపాదకులు గారికి, నమస్కారం.

జపాన్ మాజీ చక్రవర్తి అకిహితో గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. రాజవంశానికి చెందని మిచికో గారిని 1959లో పెళ్లి చేసుకోవడం, 1989లో సింహాసనం ఎక్కడం, 2019 ఏప్రిల్ 30న తనంత తానుగా దిగిపోవడం, అన్నీ వివరంగా రాశారు. 1942 ఏప్రిల్ 6న మన విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులు వేసిన సంగతీ గుర్తుచేశారు. కానీ ఆయన దశాబ్దాలుగా చేపల మీద పరిశోధన చేస్తున్న శాస్త్రవేత్త అన్న మాట వ్యాసంలో ఎక్కడా లేదు. డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన దాన్ని. ఆ లోటు చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

ఆయన ఎంచుకున్నది వంజరం, సొర లాంటి పేరున్న చేపలను కాదు, గోబీలను. మన వైపు ఇసుక దొందులు అంటామే, అవి ఈ కోవవే. మేఘాద్రి గెడ్డ మడచెట్ల దగ్గర బురద మీద గెంతే చేపలూ వీటి చుట్టాలే. వేలెడంత గోబీని వెల్లకిలా తిప్పి చూడండి. చాలా రకాల్లో పొట్ట కింది రెండు రెక్కలూ కలిసిపోయి చిన్న గిన్నెలా కనిపిస్తాయి. నీటి ఉరవడికి కొట్టుకుపోకుండా రాతిని పట్టుకునేది దానితోనే. ఒక జాతిని ఇంకో జాతి నుంచి వేరుచేయడం మాత్రం కళ్లు కాయలు కాచే పని. తల మీద చుక్కల్లా ఉండే జ్ఞానాంగాల వరుసలను సూక్ష్మదర్శిని కింద పెట్టి పరిశీలించాలి. అకిహితో యువరాజుగా ఉన్న రోజుల్లోనే, 1963లో, గోబీల భుజం ఎముక మీద పరిశోధన పత్రం ప్రచురించారు. తరువాత డీఎన్ఏ ఆధారంగానూ పనిచేశారు. గద్దె దిగాక, 2021లో, ఎనభై ఏడేళ్ల వయసులో, సహచరులతో కలిసి రెండు కొత్త గోబీ జాతులను లోకానికి పరిచయం చేశారు. వనువాటు దీవుల వాగుల్లో దొరికిన ఒక గోబీ ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, శాస్త్రవేత్తలు ఆయన పేరే పెట్టారు. రాజు గనుక మొహమాటానికి ఇచ్చిన గౌరవం కాదది.

నాకు ఆయన మీద గౌరవం పెరిగింది మాత్రం ఇంకో చేప వల్ల. 1960లో అమెరికా వెళ్లినప్పుడు షికాగో మేయరు ఆయనకు బ్లూగిల్ అనే మంచినీటి చేపలను కానుకగా ఇచ్చారు. ఆహారానికి పనికొస్తాయేమోనని ఆయన వాటిని తెచ్చి జపాన్ మత్స్య పరిశోధన సంస్థకు అప్పగించారు. అవి కాలక్రమంలో బయటి నీళ్లలోకి చేరి, బివా సరస్సులో స్థానిక చేపలను, గుడ్లతో సహా, తినేయడం మొదలుపెట్టాయి. 2007లో ఆ సరస్సు ఉన్న షిగా ప్రాంతానికే వెళ్లి, వాటిని తెచ్చింది తానేనని, జరిగినదానికి బాధపడుతున్నానని నిండు సభలో చెప్పారు. చక్రవర్తిని అక్కడ నిలదీయగలవారు ఎవరూ లేరు. అయినా చెప్పారు.

బాంబులు పడ్డనాడు ఆయనకు ఎనిమిదేళ్లు. అప్పటి చక్రవర్తి ఆయన తండ్రి హిరోహితో. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయిన వైనం మా అమ్మ చెబుతుండేది. ఆ తండ్రి కొడుకు పెద్దయ్యాక పసిఫిక్ దీవులైన సైపాన్, పలావ్‌లకూ, ఫిలిప్పీన్స్‌కూ వెళ్లి, యుద్ధంలో పోయిన ఇరుపక్షాల వారికీ తలవంచి వచ్చాడు.

మన ఊరికి సంబంధించిన అసలు విషయం ఇప్పుడు చెబుతాను. 2007లోనే లండన్‌లోని ప్రకృతిశాస్త్ర సంఘం లిన్నేయన్ సొసైటీలో అకిహితో ప్రసంగించారు. పద్దెనిమిదో శతాబ్దంలో డచ్చి కంపెనీ వైద్యుడిగా జపాన్ వచ్చి, అక్కడి మొక్కలకు శాస్త్రీయంగా పేర్లు పెట్టిన థున్‌బెర్గ్‌ను అందులో స్మరించుకున్నారు. మనకూ అలాంటి వైద్యుడే ఒకాయన ఉన్నాడు. పాట్రిక్ రస్సెల్. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఇక్కడే ఉండి, విశాఖ తీరంలో దొరికిన రెండు వందల చేపలను బొమ్మలతో సహా వర్ణించాడు. ఆ పుస్తకం 1803లో లండన్‌లో అచ్చయింది. ఇక్కడివాళ్లు పిలిచే పేర్లనే చేపల పక్కన రాసుకున్నాడు. మన వలల్లో ఇప్పటికీ పడే ఒక రకం చేప శాస్త్రీయ నామంలో ఆయన పేరుంది. అయినా ఈ ఊళ్లో చదువుకున్న పిల్లల్లో ఆయన పేరు విన్నవాళ్లు అరుదు. ఈ నిర్లక్ష్యం నాకు నిజంగా కష్టంగా ఉంది.

ఇక పాఠకులకు ఒక విన్నపం. ఇంట్లో అక్వేరియం పెట్టుకుని, విసుగు పుట్టాక చేపలను ముడసర్లోవలోనో మేఘాద్రి గెడ్డలోనో వదిలేయకండి. గాజు తొట్టెలు తుడుస్తుందని కొనుక్కొచ్చిన దెయ్యం చేప ఇప్పుడు రాష్ట్రంలో చాలాచోట్ల మత్స్యకారుల వలలు చించుతోంది. దాన్ని నీళ్లలో వదలడం పుణ్యకార్యం కాదు.

మీకూ ఒక విన్నపం. వారానికి ఒక స్థానిక చేప బొమ్మ, జాలరిపేటలో దాన్ని పిలిచే పేరు, అది బతికే చోటు జిల్లా పేజీలో వేయండి. రస్సెల్ బొమ్మలతో మొదలుపెట్టవచ్చు, వాటికి హక్కుల గొడవ లేదు. ఫొటోలు తీసిపెట్టడానికి నా పాత విద్యార్థులు సిద్ధంగా ఉన్నారు. జాతి గుర్తింపు నేను చూసిపెడతాను. భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసేచోట దొరికే ఇసుక దొందు మొదటి వారానికి బాగుంటుంది.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం